ఐదు సున్నాల మీద నా కోపం

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే సైనిక్‌పురి నుంచి స్నేహితుడు ఫోన్ చేశాడు. "జీపు వచ్చేసింది. టిఫిన్ ఇక్కడే, తొందరగా రా." రెండేళ్ళుగా షెడ్డులో ముక్కలుగా పడున్న బండి అది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యానికి అక్కర్లేని సామానంతా డిస్పోజల్స్‌లో అమ్మేసినప్పుడు మన రోడ్లెక్కిన విల్లీస్ జీపుల్లో ఒకటి. వాళ్ళ నాన్నగారు మిలిటరీ నుంచి రిటైరై వచ్చాక ఎవరో కాంట్రాక్టరు దగ్గర కొన్నారు.

వెళ్ళి చూశాను. రంగు భలే కుదిరింది. మెరుపు లేని ఆ ఆకుపచ్చ పట్టుకోవడం అంత తేలిక కాదు. కాన్వాస్ టాపు, ముందు తొమ్మిది చీలికల గ్రిల్లు, పక్కన కట్టిన పార, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పొగుడుతూనే డ్రైవర్ సీట్లో ఎక్కి కూర్చున్నాను. డ్యాష్‌బోర్డు వైపు చూడగానే మాట పడిపోయింది.

ఆ జీపులో ఐదు మీటర్లుంటాయి. నడుమ పెద్దది స్పీడోమీటరు, 60 మైళ్ళ వరకే. చుట్టూ నాలుగు చిన్నవి: పెట్రోలు, ఆయిల్ ప్రెషరు, ఇంజిన్ వేడి, బ్యాటరీ కరెంటు. రెండేళ్ళ కిందట చూసినప్పుడు అంకెలు పాత పోస్టుకార్డు రంగుకు తిరిగి ఉన్నాయి, ముళ్ళ మీద పెయింటు పెచ్చులు లేచింది, మైళ్ళ గడిలో ముప్పై ఎనిమిది వేల చిల్లర ఉంది. ఇప్పుడు ఐదూ నిన్ననే పెట్టె విప్పి తీసినట్టున్నాయి. నల్లటి స్టిక్కరు మీద తెల్లతెల్లని అంకెలు. మైళ్ళ గడిలో వరసగా ఐదు సున్నాలు.

"అది షెడ్డువాడు ఫ్రీగా చేసిచ్చాడురా" అన్నాడు వాడు, నా మొహం చూసి మెచ్చుకోలు అనుకుని. "ఇంజిన్ మొత్తం కొత్తగా కట్టించాం కదా. మళ్ళీ ఒకటి నుంచి లెక్క."

ఇడ్లీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. ఇంటికొచ్చాక కూడా ఆ వాదన నా బుర్రలో ఆగలేదు. అందుకే ఇదంతా.

నేననేది ఇంతే. పాత బండి మీటరుకు లోపలి పని ఎంతైనా చేయించండి, ఏ భాగమైనా మార్పించండి. ముల్లు నిజం చెప్పాలి. కానీ మీటరు ముఖం చదవడానికి వీలుగా ఉన్నంతకాలం దాన్ని మార్చకండి, తిరిగిన దూరం అంకెను తిప్పకండి. మన ఊళ్ళో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. ముఖానికి పెళ్ళి ముస్తాబు చేస్తారు, లోపల కేబుల్‌కు చుక్క నూనె కూడా వేయరు.

ఈ మాట చెప్పే అర్హత నాకు పుణ్యం చేసి రాలేదు. పాపం చేసి వచ్చింది. నాది 1974 బుల్లెట్. స్పీడోమీటరు హెడ్‌లైటు మీది డబ్బాలోనే కూర్చుని ఉంటుంది. అద్దం లోపల మసకబారింది కదా తుడుద్దామని ఒక సెలవు రోజు దాన్ని ఊడదీశాను. అద్దాన్ని పట్టి ఉంచే రింగు అంచును చిన్న స్క్రూడ్రైవరుతో చుట్టూ కొంచెం కొంచెంగా విప్పాను. అక్కడిదాకా బుద్ధిగానే ఉన్నాను. డయల్ మీద దుమ్ము కనపడగానే కిటికీ అద్దాలు తుడిచే నీలం మందు దూదికి రెండు చుక్కలు వేసి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి తుడిచాను. దూది తిప్పి చూస్తే దాని మీద అద్దంలో చూసినట్టు తిరగబడి '40' ఉంది. డయల్ మీద 30 తర్వాత 50 ఉంది. నడుమ నల్లటి ఖాళీ.

ఆ మీటరు పట్టుకుని, బడిలో పలక పగలగొట్టుకున్న పిల్లాడిలా, కోఠీ నుంచి పుత్లీబౌలి దిగే సందులో మీటర్లు బాగుచేసే చాచా దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒకప్పుడు ఆల్విన్ వాచీలు బిగించినవాడు. హైదరాబాద్ ఆల్విన్ అంటే ఇప్పటి పిల్లలకు ఏమీ గుర్తుకు రాదు గానీ, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, స్కూటర్లు, జపాన్ సీకో సహకారంతో చేతి గడియారాలు, అన్నీ ఈ ఊళ్ళోనే చేసిన కంపెనీ. అది మూతపడ్డాక చాచా చిన్న గడియారాల నుంచి పెద్ద గడియారాలకు మారాడు. స్పీడోమీటరును ఆయన ఇప్పటికీ 'ఘడీ' అనే అంటాడు.

నా మీటరు చూసి తిట్టలేదు. కంటికి భూతద్దం తగిలించుకుని, పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడి చేసి, డయల్ మీద అద్దినట్టు అద్ది తీశాడు. దుమ్ము వచ్చింది, అంకె రాలేదు. నాకు కాస్త వెగటు అనిపించిన మాట నిజం. తర్వాత తెలిసింది, మ్యూజియంలలో పాత బొమ్మల రంగు చెదరకుండా మురికి తీసేవాళ్ళు కూడా ఉమ్మినే వాడతారట. అందులోని ఎంజైములు మురికిని మెత్తగా విడదీస్తాయి. చాచాకు ఎంజైముల సంగతి తెలియదు. వాచీ డయళ్ళ దగ్గర నేర్చుకున్నాడు, అంతే.

"నలభై మళ్ళీ రాయించాలా?" అని అడిగాను. ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులు అచ్చువేసేవాళ్ళలో స్క్రీన్ ప్రింటింగ్ తెలిసినవాళ్ళకు కొదవ లేదు. ఒక్క అంకె ఎంత సేపు? చాచా తల అడ్డంగా ఊపాడు. "ఒక్కటి రాస్తే అది కొత్తగా కొడ్తది సాబ్. తర్వాత పక్కనోటి పాతగా కనపడ్తది. అట్ల మొత్తం రాపిస్తరు మీరు." అసలుకే ఎసరు వచ్చేది ఇలాగే. ఖాళీని ఖాళీగానే వదిలేశాం.

ఆరోజు ఆయన లోపల చేసిన పని మాత్రం మూడు గంటలు పట్టింది. మీటరు లోపల కేబుల్‌కూ ముల్లుకూ నేరుగా ఎక్కడా లంకె ఉండదు. కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద బోర్లించినట్టు ఒక అల్యూమినియం కప్పు, కప్పు ఇరుసుకు ముల్లు. అయస్కాంతం తిరిగేకొద్దీ కప్పులో కరెంటు సుడులు పుట్టి అది కూడా వెంట తిరగబోతుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఇద్దరికీ బేరం ఎక్కడ కుదిరితే ముల్లు అక్కడ ఆగుతుంది. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జే పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. దశాబ్దాల తరబడి ప్రపంచంలో చాలా బండ్లు దీని మీదే నడిచాయి.

ఏళ్ళు గడిచేకొద్దీ అయస్కాంతం బలం తగ్గుతుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. కేబుల్ ఎండిపోతే మెలిపడి విడుతూ ఉంటుంది, ముల్లు కోడిపుంజులా ఎగురుతుంది. అలాగని కేబుల్ నిండా గ్రీజు దట్టిస్తే అది మెలికల వెంట పైకి పాకి కప్పులోకి దిగుతుంది. నా మీటరుకు పట్టింది ఈ రోగమే. ఎవరో మెకానిక్కు ప్రేమగా కుక్కిన గ్రీజంతా లోపల బెల్లం పాకంలా గడ్డకట్టింది. చాచా దాన్ని పెట్రోలుతో కడిగి, ఇరుసు కొనకు వాచీ నూనె సూది మొన మీద పెట్టి తాకించాడు. కేబుల్‌కు కింది నుంచి నూనె రాసుకొచ్చి, మీటరు వైపు నాలుగు వేళ్ళ మేర పొడిగా వదిలేశాడు.

తర్వాత పరీక్ష. డ్రిల్లు మిషనుకు చదరపు ముక్క బిగించి మీటరు వెనక దూర్చి తిప్పుతారు. ఎంత వేగంతో తిప్పితే ముల్లు ఎక్కడ ఉండాలి? దానికి జవాబు చాలా పాత మీటర్ల డయల్ మీదే, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే ఒక మైలు, లేదా ఒక కిలోమీటరు అన్న అంకె. అమెరికన్ లెక్కలో మైలుకు 1000 చుట్లు. అంటే నిమిషానికి 1000 చుట్లు తిప్పితే ముల్లు 60 మైళ్ళ మీద నిలబడాలి. అటూ ఇటూ ఉంటే స్ప్రింగు సవరిస్తారు. స్నేహితుడి జీపుకు అంటించిన స్టిక్కరు మీద కంపెనీ గుర్తు ముద్దుగా వేశారు, అంకెల వంపులు అచ్చుగుద్దినట్టు దించారు. అలాంటి చిన్న అంకెలేమైనా ఉంటే వాటికి మాత్రం చోటు లేదు. వేసినవాడి కంటికి అది చెత్త. రేపు దాన్ని విప్పబోయే మెకానిక్కు ఆ అంకె మందు చీటీ లాంటిది. గుడి గోడ మీద శాసనానికి సున్నం కొట్టేవాళ్ళు కూడా గోడ శుభ్రమైందనే అనుకుంటారు.

మిగతా నాలుగు మీటర్ల సంగతి చూస్తే ఇంకా బాధ. ఆ జీపులో ఆయిల్ ప్రెషరు మీటరు అసలైనది బోర్డన్ గొట్టం మీద పనిచేసేది. ఇంజిన్ నుంచి సన్నటి గొట్టంలో నూనే నేరుగా మీటరు దాకా వస్తుంది, వంచిన ఇత్తడి గొట్టం ఒత్తిడికి నిటారు కాబోతుంది, ఆ కదలికే ముల్లుది. పుట్టినరోజు పీపీ ఊదితే చుట్టుకున్న కాగితం సాగినట్టు. ఫ్రాన్సులో యూజీన్ బోర్డన్ 1849లో కనిపెట్టిన దాన్ని ఇవాళ్టికీ గ్యాస్ సిలిండర్ల మీద చూడొచ్చు. చెడిపోవడానికి అందులో ఏముంది? దాన్ని పీకేసి ఒక చౌక ఎలక్ట్రిక్ మీటరు పెట్టారు.

వేడి మీటరుది మరీ అన్యాయం. అందులో సన్నటి రాగి గొట్టం, చివర బుడ్డి, లోపల ఈథరు ఉంటాయి. ఇంజిన్ వేడెక్కితే ఈథరు ఆవిరి ఒత్తిడి గొట్టం గుండా ముల్లును నెడుతుంది. బుడ్డి ఇరుక్కుని ఊడి రాకపోతే చాలామంది చేసే పని, పటకారుతో గొట్టం కత్తిరించడం. ఈథరు ఎగిరిపోతుంది, మీటరు ప్రాణం పోతుంది. "ఇది రిపేరు కాదు సార్" అనేస్తారు. ఎందుకు కాదు? చాచా చేయగా చూశాను. కొత్త మెకానికల్ వేడి మీటరు ఒకటి కొంటాడు. దాని బుడ్డిని ఐసు ముక్కలు, రాళ్ళ ఉప్పు కలిపిన గిన్నెలో ముంచుతాడు, పాత రోజుల్లో పెళ్ళిళ్ళలో చేత్తో తిప్పిన ఐస్‌క్రీం డబ్బాలా. చలికి ఈథరు బుడ్డిలోనే ముడుచుకుని ఉంటుంది. అప్పుడు గొట్టం కోసి, పాత మీటరు గొట్టానికి అతికిస్తాడు. ఈథరు భగ్గుమనే సరుకు కాబట్టి మంట వాడడు, దూరంగా కాల్చిన సోల్డరింగ్ ఐరన్‌తోనే అతుకు. ఇంట్లో ప్రయత్నించకండి. నేను చూసింది కూడా తలుపు దగ్గర నిలబడే.

అతికాక మరిగే నీళ్ళలో బుడ్డి ముంచి చూస్తారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. పుస్తకం ప్రకారం ముల్లు 212 ఫారెన్‌హీట్ మీద ఆగాలి. హైదరాబాద్‌లో ఆగితే మీటరు తప్పన్నమాట. మనం సముద్రానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నాం, ఇక్కడ నీళ్ళు 98 సెల్సియస్ దాటగానే మరుగుతాయి. అంటే 209కి కాస్త అటూ ఇటూ. చాచా దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. "ఇక్కడి నీళ్ళు కొంచెం తొందరపడతయి" అంటాడు.

ఇంతా చెప్పి, నా మాట చెల్లని చోట్లు దాచిపెట్టడం న్యాయం కాదు. బ్యాటరీ కరెంటు చూపించే అమ్మీటరు అలాంటిది. ఇంజిన్ స్టార్టు చేసే సెల్ఫ్ తప్ప బండిలో కరెంటంతా దాని గుండానే పోతుంది. వెనక నట్టు వదులైతే అక్కడ వేడి పుట్టి వైర్లు కాలతాయి, బండే కాలవచ్చు. కొందరు ఆ రెండు వైర్లనూ ముడేసి అమ్మీటరును ఉత్త అలంకారంగా వదిలేస్తారు. ముల్లు నిజం చెప్పాలని పైన గట్టిగా అన్నవాణ్ణి, ఇక్కడ నోరు మెదపను. ఏడాదికోసారి నట్లు బిగించి చూసుకునే ఓపిక లేకపోతే అలాగే చేయండి.

రెండోది రేడియం. మన ఊళ్ళో రేడియం అంటే నెంబరు ప్లేటు మీద వెలుతురు పడితే మెరిసే స్టిక్కరు. ప్రతి సందు చివరా 'రేడియం వర్క్స్' బోర్డు ఉంటుంది, అందులో రేడియం రవ్వంత కూడా ఉండదు. యుద్ధకాలపు మీటర్లలో కొన్నింటి మీద మాత్రం నిజం రేడియమే పూశారు, చీకట్లో ముల్లు కనపడాలని. ఆ పూత ఇప్పుడు వెలగదు, ఎందుకంటే దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ ఎప్పుడో అలిసిపోయింది. రేడియం అలిసిపోలేదు. దాని బలం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు కావాలి. అమెరికాలో 1910ల చివర్లో, 1920ల్లో ఆ రంగును కుంచె పెదవుల మీద మొన తేల్చుకుంటూ పూసిన అమ్మాయిల్లో కొందరు దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. కాబట్టి అంకెల మీద గోధుమ రంగు పెచ్చులున్న మిలిటరీ మీటరును విప్పకండి, గోకకండి, ముఖ్యంగా చాచా పద్ధతిలో నాలుక తడి పెట్టకండి. మా వాడి జీపు మీటర్ల మీద అలాంటి పూత లేదు. అణుశక్తి శాఖ వారి ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో రిటైరైన వాళ్ళు కూతవేటు దూరంలో ఉన్న కాలనీ కదా, అలాంటి ఒక పెద్దాయన రేడియేషన్ కొలిచే పరికరంతో వచ్చి చూసి చెప్పి వెళ్ళారు.

ఇక ఆ ఐదు సున్నాలు. మా వాడి వాదనలో బలం లేదనను. ఇంజిన్ కొత్తగా కట్టించాక ఎన్ని మైళ్ళకు ఆయిల్ మార్చాలో తెలియాలి, సున్నా నుంచి లెక్క సులువు. ఇంకో మాట కూడా అన్నాడు, అది గట్టిగా తగిలింది. "ఆ ముప్పై ఎనిమిది వేలు మాత్రం నిజమని నీకెవరు చెప్పార్రా?" ఎవరూ చెప్పలేదు. ఐదంకెల మీటరు లక్ష దగ్గర తిరిగి సున్నాకొస్తుంది. ఎన్నిసార్లు తిరిగిందో మీటరుకే తెలియదు. పాత సర్కారీ జీపుల లాగ్ బుక్కులు చూసినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. నెలల తరబడి 'మీటరు పనిచేయుట లేదు' అని రాసి పెట్టేవారు. కేబుల్ విప్పి పక్కన పెడితే మీటరు ఎందుకు పనిచేస్తుంది?

అయినా తిప్పకూడదనే అంటాను. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. బండి వచ్చేలోపే, 1911లో, ఆయన పోయారు. అది మొత్తం తిరిగింది 356 మైళ్ళేనని చెప్తారు. ఆ అంకె వినకముందు నేను ఆ కారు రంగును చూశాను, లోపలి సింహాసనంలాంటి సీటును చూశాను. విన్నాక, వందేళ్ళకు పైగా దాదాపు కదలకుండా కూర్చున్న బండిని చూశాను. ఎవరైనా మంచి మనసుతో దాన్ని సున్నా చేసి ఉంటే?

పాత బండ్ల కోసం 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన కార్లకు, బైకులకు 'వీఏ' అక్షరాలతో వేరే నెంబర్లు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మీటర్ల ఊసు లేదు. చట్టం పట్టించుకోనిది ఓనరే పట్టించుకోవాలి. మన ఓనర్లు ఆ పనిని పాత బండ్లను కొత్తగా చేసిచ్చే రిస్టోరేషన్ వాళ్ళకు వదిలేశారు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగినట్టయింది.

తిప్పకుండా లెక్క ఎలా పెట్టుకోవాలో చాచా నా బుల్లెట్ మీటరు మూయబోతూ చూపించాడు. డబ్బా లోపలి గోడ మీద సూదితో తేదీ, అప్పటి కిలోమీటర్లు, తన గుర్తుగా ఒక చుక్క గీశాడు. వాచీ రిపేరు చేసేవాళ్ళు వెనక మూత లోపల గీసే అలవాటే. ఆయిల్ లెక్కకు అది చాలు. గీస్తూ ఆగి, భూతద్దం నా చేతికిచ్చాడు. పక్కనే ఇంకో గీత ఉంది, ఎప్పటిదో, ఉర్దూ అంకెల్లో. ఆ బండి నేను కొనడానికి ముందు ఎవరి దగ్గర ఉందో కాగితాల్లో పేర్లున్నాయి. దాన్ని ఇంత జాగ్రత్తగా విప్పి మూసినవాడి పేరు ఎక్కడా లేదు.

ఈ కథ మా వాడికి చెప్పాను. రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఒక శనివారం తనే వచ్చి, "పద, మీ చాచా దగ్గరికి" అన్నాడు. జీపు స్పీడోమీటరు గుడ్డలో చుట్టి తెచ్చాడు. అప్పటికి 117 మైళ్ళు తిరిగింది. పాత ఫోటోలో కనిపించే అంకెకు మళ్ళీ తిప్పి పెట్టమన్నాడు.

చాచా ఫోటో చూసి, "అది గూడ తిప్పుడే గద సాబ్" అన్నాడు. చివరికి ఆ పాత అంకెను, సున్నా చేసిన నెలను డబ్బా లోపల గీసి, బయట 117ను అలాగే ఉంచాం. స్టిక్కరు సంగతి వేరు. గోటితో అంచు లేపి చూసి, కింద అసలు డయల్ రేకు ఉందన్నాడు. పారేయలేదు, దాని మీదే అంటించారు. మా వాడి మొహం వెలిగిపోయింది.

పక్క సెలూన్ నుంచి హెయిర్ డ్రయ్యరు అడిగి తెచ్చాం. చాచా దాన్ని జానెడు దూరంలో పట్టుకుని, రెండో చేత్తో స్టిక్కరు అంచును వెంట్రుకవాసి చొప్పున లేపుతున్నాడు. మొదట 60 బయటపడింది, చెక్కుచెదరకుండా, ఆ పోస్టుకార్డు రంగుతోనే. తర్వాత 50. 40 దగ్గర జిగురు సాగింది. చాచా ఆగాడు. స్టిక్కరు అడుగున, తిరగబడి, '4' అంకెలో సగం అంటుకుని ఉంది.

"ఆపమంటరా, తియ్యమంటరా?"

మా వాడు నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను.

"తియ్యి చాచా" అన్నాడు.